విమానచోదకుని వైద్యపత్రము



విమానయానమును గుఱించి మాటాడుటకు ఒక తెలుగు పండితుడేల వచ్చినాడని మీలో కొందఱకు సందేహము కలుగవచ్చును. నాకు విమానశాస్త్రము తెలియదు. జీవితములో మూడు పర్యాయములు మాత్రమే విమానమెక్కితిని. మూడు పర్యాయములును కన్నులు మూసికొనియే కూర్చుంటిని. అయినను ఆ వాహనముతో నాకు పాత బంధుత్వము కలదు. ముప్పదిరెండు సంవత్సరములు నేను అమీర్‌పేటలోని యొక పాఠశాలలో తెలుగు చెప్పితిని. ఆ బడికి ఉత్తరమున అనతిదూరముననే బేగంపేట విమానాశ్రయము. తరగతిలో పద్యము చదువుచుండగా విమానము లేచినచో, ఆ ధ్వని తగ్గునంతవఱకు నేను ఆగవలసివచ్చెడిది. పిల్లల తలలన్నియు ఒక్కమాఱుగా కిటికీలవైపు తిరిగెడివి. ఎంతటి మహాకవి పద్యమైనను ఆ రెక్కల చప్పుడునకు ఓడిపోవుట నేను ప్రతిదినమును చూచితిని.

నిజాము ప్రభుత్వకాలమున, 1930వ దశకములో ఏర్పడిన విమానాశ్రయమది. దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థ స్వాతంత్ర్యమునకు ముందు పుట్టి, 1953లో జాతీయము చేయబడునంతవఱకు అచ్చటనుండియే విమానములు నడపినది. మన దేశమున వాణిజ్యవిమానము నడపిన మొదటి మహిళయగు ప్రేమ్ మాథుర్ ఆ సంస్థలోనే ఉద్యోగము చేసినది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. అప్పటినుండి మా ప్రాంతములో ఆకాశము కొంత మౌనము వహించినది. ఉద్యోగమునుండి విరమించినపిమ్మట నేను బంజారాహిల్సు కొండకు దిగువను, పంజగుట్టవైపున, ఒక చిన్న యింటిలో కాలక్షేపము చేయుచున్నాను.

ఆనాడు కిటికీవైపు చూచిన పిల్లలలో ఒకడు నిజముగానే విమానచోదకుడగుటకు పూనుకొన్నాడు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలమున వాడు మా యింటికి వచ్చి, నమస్కరించి, చేతిలోని కాగితములను నా బల్లమీద పెట్టినాడు. వాని పేరు చెప్పను. కథ మాత్రము వాని యనుమతితో చెప్పుచున్నాను.

ఇంజినీరింగు చదువుచున్న దినములలో వాడు స్నేహితులతోగూడి మద్యమునకు అలవాటుపడినాడు. మొదట వారమునకొకనాడు, పిమ్మట దినదినమును, ఆపైని ఉదయమున చేతులు వణకినచో ఆ వణకు మానుటకు. ఒక రాత్రి బంజారాహిల్సు దారిలో పోలీసులు కారు నాపి, శ్వాసపరీక్ష చేసిరి. నూఱు మిల్లీలీటర్ల రక్తమున ముప్పది మిల్లీగ్రాముల మద్యసారము మించినచో అది నేరమని మన మోటారు వాహనముల చట్టములోని 185వ విభాగము చెప్పుచున్నది. వానియందు అంతకు ఎన్నో రెట్లు తేలినది. న్యాయస్థానములో జరిమానా పడినది. తండ్రితోగూడ పోయి పోలీసువారి హితబోధ వినవలసివచ్చినది. ఆ తండ్రి బుద్ధిమంతుడు. కొడుకును తిట్టలేదు, మఱునాడే వైద్యునియొద్దకు తీసికొనిపోయినాడు. ఆఱువారములు ఆసుపత్రిలో చికిత్స జరిగినది. అప్పటినుండి రెండేండ్లుగా వాడు మద్యము ముట్టలేదు.

ఇప్పుడు చోదకవిద్యలో చేరుటకు వైద్యపరీక్ష. అందుకొఱకు నింపవలసిన పత్రములో, నీవెన్నడైనను మద్యమునకుగాని మత్తుపదార్థములకుగాని లోబడి చికిత్స పొందితివా అను భావముగల ప్రశ్న యొకటి కలదు. ఆ ప్రశ్నకెదురుగా ఖాళీ వదలి వాడు నాయొద్దకు వచ్చినాడు.

"మాస్టారూ, ఇక్కడ 'లేదు' అని వ్రాయుమని అందఱును చెప్పుచున్నారు. ఆసుపత్రి కాగితములు మా నాన్నగారి బీరువాలో ఉన్నవి. అవి చింపివేసినచో అడుగువాడెవ్వడును లేడట. నాన్నగారు మాత్రము మిమ్మడిగి రమ్మన్నారు."

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. "రెండు దినములు ఆగుము నాయనా" అంటిని. ఆ రెండు దినములలో నేను చదివినదియు, తెలిసినవారి నడిగి గ్రహించినదియు, అంతకంటె ముఖ్యముగా నా జీవితమున జరిగినదియు మీకిప్పుడు నివేదించుచున్నాను.

విమానచోదకునకు విద్య యొక్కటియే చాలదు. వాని అనుమతిపత్రమునకు వైద్యపత్రము తోడుగా ఉండవలెను; అది లేనినాడు ఇది చెల్లదు. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగో నగరమున అనేక దేశములు కలసి చేసికొన్న ఒడంబడికకు మొదటి యనుబంధములో ఈ వైద్యయోగ్యత వివరింపబడినది. వాణిజ్యవిమానము నడపువారికి ప్రథమశ్రేణి యోగ్యత కావలెను. సాధారణముగా సంవత్సరమున కొకసారి, అఱువదియేండ్లు దాటినవారికి ఆఱునెలల కొకసారి ఆ పరీక్ష జరుగును. మన దేశమున బెంగుళూరులోని వైమానిక వైద్యసంస్థ వంటి వైమానికదళ వైద్యశాలలును, పౌరవిమానయాన శాఖ నియమించిన వైద్యులును ఆ పరీక్ష చేయుదురు. కన్ను, చెవి, గుండె, నరములు చూచి, పిమ్మట మనస్సును చూచెదరు. మద్యమునకుగాని అట్టి యితర పదార్థములకుగాని దాసుడైన చరిత్ర యోగ్యతకు బాధకమని ఆ యనుబంధము స్పష్టముగా చెప్పుచున్నది.

ఇంత కాఠిన్యమేల? నేలమీద నడచువానికంటె ఆకాశమున పోవువానికి మద్యము మఱింత శత్రువు. మన చెవి లోపల మూడు సన్నని అర్ధవలయములవంటి నాళములు కలవు. అందు ద్రవముండును. తల కదలినప్పుడు ఆ ద్రవము కదలి, మనము ఎటు తిరుగుచున్నామో మెదడునకు తెలుపును. మద్యసారము నీటికంటె తేలిక. అది ఆ నాళములలోని సున్నితమైన తెఱకు ముందును, ద్రవమునకు తరువాతను చేరి, వాని సమతూకము చెఱచును. అప్పుడు కదలకున్నను తిరుగుచున్నట్లు తోచును. విశేషమేమనగా, రక్తమునుండి మద్యము పూర్తిగా పోయిన పిమ్మటను కొన్ని గంటలవఱకు ఆ చెవిలోని తూకము సరిపడదు. రాత్రి మబ్బులలో పోవు చోదకునకు నేల కనబడదు, ఆకాశము కనబడదు. ఎదుటి పరికరములను నమ్మవలెనా, తప్పు చెప్పుచున్న తన చెవిని నమ్మవలెనా అను క్షణము వచ్చును. ఆ క్షణములో వెనుక కూర్చున్నవారి ప్రాణములన్నియు ఉండును.

మన కాలేయము గంటకు సుమారు పదునైదు మిల్లీగ్రాముల చొప్పుననే రక్తములోని మద్యమును తగ్గింపగలదు. కాఫీ త్రాగినను, చన్నీళ్ల స్నానము చేసినను ఆ లెక్క మాఱదు. నూటయేబది మిల్లీగ్రాముల మత్తు దిగుటకు పదిగంటలు కావలెను. అమెరికాలో 1986లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, పదిమంది నౌకాదళ చోదకులకు మద్యమిచ్చి, పదునాలుగు గంటలు గడచిన పిమ్మట కృత్రిమ విమానయంత్రములో పరీక్షించిరి. అప్పటికి రక్తము శుభ్రమైనది. నేర్పు మాత్రము పూర్తిగా తిరిగిరాలేదు. కనుకనే రాత్రి త్రాగి తెల్లవాఱుజామున లేచి "నాకేమియు లేదు" అనువాని మాటను శాస్త్రము నమ్మదు.

ఇవి పుస్తకములలోని భయములు కావు. 1961 జనవరి 3వ తేదీన ఫిన్లాండు దేశమున ఒక ప్రయాణికుల విమానము కూలి, అందున్న ఇరువదియైదుగురును మరణించిరి. చోదకులిద్దఱును మద్యము త్రాగియుండిరని విచారణలో తేలినది. 1977 జనవరి 13వ తేదీన అలాస్కాలోని యాంకరేజి నగరమునుండి జపాను దేశపు సరకువిమానమొకటి లేచి వెంటనే కూలినది. ఐదుగురు మరణించిరి. ముఖ్యచోదకుని రక్తములో దాదాపు మూడువందల మిల్లీగ్రాముల మద్యమున్నట్లు కనుగొనిరి. ఆ సిబ్బందిని విమానాశ్రయమునకు చేర్చిన టాక్సీ నడపువాడు, ఈయన స్థితి సరిగా లేదని తన కార్యాలయమునకు తెలిపినాడు. అయినను ప్రయాణమాగలేదు. ప్రక్కనున్న సహచోదకుడు ఆపలేదు. ఒక టాక్సీవానికి కనబడినది తోటివారికి కనబడలేదా? కనబడియుండును. పెద్దవాని పరువు, ఉద్యోగము, మనకెందుకను సంకోచము వారి నోరు కట్టివేసినవి.

అంతదూరము పోనేల? 2016 జూలై 1వ తేదీన మా పంజగుట్ట, బంజారాహిల్సు ప్రాంతముననే యువకులు త్రాగి నడపిన కారొకటి అదుపు తప్పి ఎగిరి, మఱియొక కారుపై పడినది. అందులో బడినుండి ఇంటికి మరలుచున్న యొక చిన్నపిల్లయు, ఆమె కుటుంబమువారును ఉండిరి. ఆ పిల్లయు, ఆ యింటి పెద్దలును ప్రాణములు కోల్పోయిరి. ఆ దారిని పోవునపుడెల్ల నాకు ఆ బడిసంచి జ్ఞప్తికి వచ్చును.

ఇట్టి పనికి శిక్ష ఉండవలెనా అని అడుగువాడెవడును లేడు. నా శిష్యుని ప్రశ్న వేఱు. త్రాగి నడపువాని మాట కాదది. త్రాగుట మాని, చికిత్స పొంది, ఇప్పుడు నడపగోరువాని మాట. వానిని ఏమి చేయవలెను?

మన పూర్వులు మద్యపానమును రెండు కన్నులతో చూచిరి. ధర్మశాస్త్రకారుడు దానిని మహాపాతకములలో చేర్చినాడు. రాజనీతికారుడు సప్తవ్యసనములలో చేర్చినాడు. ఆయుర్వేదకారుడట్లు చేయలేదు. చరకసంహితలో మదాత్యయమను పేర దానిని ఒక వ్యాధిగా వర్ణించి, వాతపిత్తకఫములను బట్టి లక్షణములను విడదీసి, జ్వరమునకు చెప్పినట్లే చికిత్స చెప్పినారు. పాపమా, వ్యాధియా అను తగవులో మన పెద్దలు రెంటిలో దేనిని విడువలేదు. భారతములో శుక్రాచార్యుని కథ మీరెఱుగుదురు. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుచేత త్రాగించిరి. మత్తులో తన ప్రియశిష్యునే మింగినానని తెలిసికొన్న శుక్రుడు మద్యమును నిషేధించుచు శాసనము చేసినాడు. శాసనము చేసిన శుక్రుడే కచుని తిరిగి బ్రతికించి, వానికి మంత్రము నుపదేశించినాడు. శిక్షించు నోరును, బ్రతికించు నోరును ఒక్కటియే. రాజ్యములు చేయు నియమములకును ఆ రెండు నోళ్లును ఉండవలెనని నా యభిప్రాయము.

ఇప్పుడు మన దేశపు నియమమును చూతము. 1937 నాటి విమాన నియమావళిలోని 24వ నియమము మద్యము, మత్తుపదార్థములు సేవించి విమానము నడపుటను నిషేధించినది. విమానమెక్కుటకు ముందు పండ్రెండు గంటలు మద్యము ముట్టరాదు. అమెరికాలో ఈ యెడము ఎనిమిది గంటలు. రక్తములో నలువది మిల్లీగ్రాముల హద్దును వారు పెట్టుకొన్నారు. మనవారు హద్దు సున్న అన్నారు. ప్రయాణమునకు ముందు శ్వాసపరీక్షలో మొదటిసారి దొరకినవాని అనుమతిపత్రము మూడు నెలలు నిలిపివేయబడును, రెండవసారి మూడేండ్లు, మూడవసారి రద్దు. మద్యసారము కలిసిన పుక్కిలింత మందులు సయితము వాడరాదని 2023లో ఆజ్ఞ వచ్చినది. 2022 జనవరి 31నుండి గంజాయి, నల్లమందు మొదలగు మత్తుపదార్థములకును అనుకొనకుండ పరీక్షలు చేయు పద్ధతి ఏర్పడినది. అందులో మొదటిసారి పట్టుబడినవానిని ఆ వ్యసనము మాన్పించు చికిత్సకు పంపవలెనని వ్రాసియున్నది. ఆ వాక్యము చదివినప్పుడు నాకు శుక్రుని రెండవనోరు వినబడినది.

షికాగో ఒడంబడిక యనుబంధమును మొదట కఠినముగా చెప్పి, పిమ్మట ఒక ద్వారము తెఱచినది. చికిత్స ఫలించి, వాడు మరల పనిచేసినను ప్రయాణికులకు ముప్పురాదని నిపుణులు తేల్చినచో, తిరిగి అవకాశము నీయవచ్చునని దాని సారాంశము. అమెరికావారి వైద్యనియమములో వ్యసనమునకు దాసుడైనవాడు సాధారణముగా రెండు సంవత్సరములు సంపూర్ణముగా మద్యము విడిచినట్లు రుజువు చూపవలెను. 1974లో అచ్చటి చోదకసంఘము ప్రభుత్వ సహాయముతో హిమ్స్ అను పథకము నారంభించినది. సహచోదకుడు, యజమాని, వైద్యుడు, విమానశాఖ, ఈ నలువురును కలసి త్రాగుబోతైన చోదకుని చికిత్సకు పంపి, సంవత్సరముల తరబడి పరీక్షలతో కనిపెట్టి, యోగ్యుడైనచో తిరిగి విమానమెక్కింతురు. వేలకొలది చోదకులు ఆ దారిని మరల తమ పనికి చేరినారు. అచ్చటనే మఱియొక నియమము: త్రాగి కారు నడపి శిక్షపడినచో అఱువది దినములలో విమానశాఖకు తెలుపవలెను. వైద్యపత్రములో అబద్ధము వ్రాసినచో చెఱసాల కూడ ఉన్నది. చికిత్స పొందినవానికి ద్వారము, దాచినవానికి చెఱ! ఈ వ్యత్యాసమును శ్రోతలు గమనింపవలెను.

ఆ ద్వారమున లోనికి వచ్చినవాని కథ యొకటి చెప్పెదను. 1990 మార్చి 8వ తేదీన నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అను సంస్థకు చెందిన విమానమును ఫార్గో నగరమునుండి మినియాపొలిసునకు నడపిన ముగ్గురు చోదకులును రాత్రియంతయు త్రాగి వచ్చినవారు. విమానము క్షేమముగా దిగినది; చోదకులు మాత్రము అచ్చటనే పట్టుబడిరి. ముఖ్యచోదకుడు లైల్ ప్రౌస్. ఉద్యోగము పోయినది, అనుమతిపత్రములన్నియు పోయినవి, పదునాఱు నెలల శిక్షపడి చెఱసాలకు పోయినాడు. దేశమంతయు నవ్వినది. ఆయన తాను వ్యాధిగ్రస్తుడనని బహిరంగముగా ఒప్పుకొని, మద్యము విడిచి, మొదటి మెట్టునుండి పరీక్షలన్నియు మరల వ్రాసి, అనుమతిపత్రములన్నియు మరల సంపాదించినాడు. అదే సంస్థ ఆయనను తిరిగి పిలిచినది. 1998లో ఆయన ఉద్యోగవిరమణ చేయునాటికి అతిపెద్దదైన 747 విమానమునకు నాయకుడు. 2001 జనవరిలో దేశాధ్యక్షుడు క్లింటన్ క్షమాపణపత్రమిచ్చినాడు. నేరమునకు శిక్ష తగ్గలేదు. వ్యాధికి చికిత్స ఆగలేదు. ఈ రెండును ఒక్క మనుష్యునియందే నెఱవేరినవి.

ఇంతవఱకు చదివినది చెప్పితిని. ఇక నాకు జరిగినది చెప్పవలెను. ఇది చెప్పుట సులభము కాదు.

నాకొక తమ్ముడుండెడివాడు. బస్సు నడపెడివాడు. మంచి పనివాడు, అమ్మకు ముద్దుబిడ్డ. ముప్పదియేండ్లు వచ్చునప్పటికి మద్యము వానిని పట్టుకొన్నది. పనికి పోలేని ఉదయములు వచ్చెను. అప్పుడు మా మఱదలు పిల్లవానిని నాయొద్దకు పంపెడిది: "పెదనాన్నా, నాన్నకు సెలవుచీటి వ్రాసి యిమ్మని అమ్మ చెప్పినది." నేను వ్రాసెడివాడను. జ్వరమని యొకసారి, విరేచనములని యొకసారి, దూరపుబంధువు మరణమని యొకసారి. నా దస్తూరి అందమైనది. నా భాష నిర్దుష్టమైనది. ఆ చీటీలను ఎవ్వరును సందేహింపలేదు. సత్యమే పలుకుమని పిల్లలకు బోధించిన చేతితోనే ఏడేండ్లలో ఎన్ని వ్రాసితినో లెక్కలేదు. పండితుల యింట త్రాగుబోతు ఉన్నాడని లోకమునకు తెలియరాదు. అదియే మా యేడుపు. వైద్యునియొద్దకు తీసికొనిపోయినచో నలువురకు తెలియును గదా!

ఒక రాత్రి వాని బస్సు దారితప్పి తూముగోడకు కొట్టుకొన్నది. దైవవశమున ప్రయాణికులు గాయములతో బయటపడిరి. కండక్టరునకు కాలు పోయినది. అతనికి ఇద్దఱు ఆడపిల్లలు. నేను చూడబోయినప్పుడు అతడు నన్ను నిందింపలేదు. "మీ తమ్మునికి తఱుచు జ్వరము వచ్చెడిది గదండీ, ఆ రాత్రియు వచ్చినదేమో అనుకొంటిని" అన్నాడు. ఆ మాట అతడు వెటకారముగా అనలేదు. నా చీటీలను నమ్మినవారిలో అతడొకడు. తమ్ముడు ఉద్యోగము పోగొట్టుకొని రెండేండ్లలో మరణించినాడు. కండక్టరు కఱ్ఱసాయముతో నడచుచునే ముసలివాడైనాడు. ఆ కాలిని తీసినది మద్యము మాత్రమే కాదు. నా దస్తూరియు అందులో పాలు పంచుకొన్నది.

భారతములో కర్ణుడు పరశురామునియొద్ద విద్య నేర్చుటకు తన పుట్టుక దాచినాడు. యోగ్యత సంపాదించుటకు అబద్ధమాడినాడు. విద్య వచ్చినది. గురువు నిజమెఱిగి శపించినాడు: అవసరమైనవేళ ఈ యస్త్రము నీకు స్ఫురింపకుండుగాక అని. చిన్ననాట ఆ శాపము నాకు అన్యాయముగా తోచెడిది. కర్ణుని గొప్పతనమునకు లోకము చూపిన నిర్దయయే వానిచేత అబద్ధమాడించినదని నేను వాదించెడివాడను. నేడును ఆ వాదములో కొంత నిజమున్నదని నమ్ముదును. తలుపులన్నియు మూసినచోట మనుష్యుడు గోడ దూకును. అయినను శాపములో మఱియొక నిజము కలదు. దాచిన దోషము శాంతముగా ఉన్నంతకాలము ఏమియు చేయదు. రథచక్రము క్రుంగినవేళనే అది పైకి వచ్చును. 2015 మార్చి 24వ తేదీన ఆల్ప్స్ పర్వతములలో జర్మన్‌వింగ్స్ విమానము నూటయేబదిమందితో కూలినది. సహచోదకుడు తన మానసికవ్యాధిని, వైద్యుడిచ్చిన చీటిని యజమానికి చూపక దాచి, విమానమెక్కినాడు. ఆ వ్యాధి మద్యము కాదు. దాపఱికము మాత్రము మన యింటి దాపఱికమే.

రెండు దినముల పిమ్మట నా శిష్యుడు వచ్చినాడు. తండ్రిని కూడ తీసికొనివచ్చినాడు. నేను సెలవుచీటీల సంగతి వారికి మొదట చెప్పితిని. పిమ్మట ఇట్లంటిని: "నాయనా, 'అవును' అని వ్రాయుము. ఆసుపత్రి కాగితములను జతచేయుము. రెండేండ్లుగా ముట్టలేదన్న మాటకు వైద్యుని సాక్ష్యము తెచ్చుకొనుము. వారు నిన్ను నమ్మకపోవచ్చును. ఆలస్యము చేయవచ్చును. ఈ వృత్తి నీకు దక్కదని చెప్పినను చెప్పవచ్చును. ఆ కష్టము నీ యొక్కనిది. 'లేదు' అని వ్రాసినచో వచ్చు కష్టము నీ వెనుక కూర్చున్నవారిది."

వాడు చాలసేపు మాటాడలేదు. తండ్రి మాత్రము, "మాస్టారూ, వీనికి ఉద్యోగము రాకపోయినచో మీరు మాయింటికి వచ్చి వీనితో మాటాడవలెను" అన్నాడు. వచ్చెదనంటిని.

వాడు 'అవును' అని వ్రాసినాడు. వైద్యులు వానిని వెంటనే అంగీకరింపలేదు, తిరస్కరింపనులేదు. తాత్కాలికముగా అయోగ్యుడని వ్రాసి, మనోవైద్య నిపుణునియొద్దకు పంపిరి. కాలేయపు పరీక్షలు, రక్తపరీక్షలు పలుమాఱులు జరిగినవి. గడచిన రెండు మూడు వారములలో త్రాగినవాని గుట్టు బయటపెట్టు రక్తపరీక్షలు ఇప్పుడు వచ్చినవట, వానినిగూడ చేసిరి. తల్లిదండ్రులను పిలిచి మాటాడిరి. దాదాపు సంవత్సరము గడచినది. వానితోడి పిల్లలు శిక్షణ సగము ముగించిరి. వాడొకనాడు మా యింటికి వచ్చి, కోపము దాచుకొనక, "మీ మాట విన్నందుకు ఏడాది వెనుకబడితిని మాస్టారూ" అన్నాడు. నేను కాదనలేదు. సత్యమునకు వెల లేదని చెప్పువారు దానిని ఎన్నడును కొనలేదని నా తలంపు. తుదకు యోగ్యతాపత్రము వచ్చినది. ఇప్పుడు వాడు విమానము నడపుచున్నాడు. ప్రతి పరీక్షలోను ఆ పాత ప్రశ్న వచ్చును. ప్రతిసారియు 'అవును' అని వ్రాయును. తన ప్రక్కన కూర్చున్నవాడు త్రాగివచ్చినచో తాను ఆపగలనని వాడన్నాడు. దాచుకొనవలసినది ఏమియు లేనివాడే ఎదుటివానిని ఆపగలడు.

శ్రోతలారా, ఈ సంగతి విమానచోదకులకు మాత్రమే సంబంధించినదని తలంపకుడు. మీయింట బస్సు నడపువాడుండవచ్చును, లారీ నడపువాడుండవచ్చును, శస్త్రము పట్టు వైద్యుడుండవచ్చును. వాని చేయి వణకుచున్నచో సెలవుచీటి వ్రాయకుడు. వైద్యునియొద్దకు తీసికొనిపొండు. అమీర్‌పేటకు అనతిదూరమున ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలయు, ఇట్టి చికిత్సనిచ్చు ఇతర ఆసుపత్రులును కలవు. ఆ గడప త్రొక్కుటలో తలవంపు లేదు.

నియమములు వ్రాయు పెద్దలకు ఒక్క మనవి. త్రాగి నడపినవానిని శిక్షింపుడు. అందులో జాలి వలదు. చికిత్సపొంది మానినవానికి, ఎన్నినాళ్లు వేచియుండవలెనో, ఏయే పరీక్షలు ఇయ్యవలెనో, ఎవరి సాక్ష్యము తేవలెనో ముందుగనే స్పష్టముగా తెలుపుడు. తలుపున్నదని తెలిసినవాడు గోడ దూకడు. త్రాగినవానిని శిక్షింపవలెను, మానినవానిని పరీక్షించి నమ్మవలెను, దాచినవానిని మాత్రము నమ్మరాదు. నేను రెండు దినములలో నేర్చుకొన్నది ఇంతియే. దానిని నేర్చుటకు నాకు ఒక తమ్ముడును, ఒక నిరపరాధి కాలును ఖర్చయినవి.

ఇప్పుడు కూడ సాయంకాలములందు బేగంపేటనుండి శిక్షణవిమానమొకటి లేచినప్పుడు నేను డాబామీద నిలిచి చూచెదను. అందు కూర్చున్న బిడ్డ ఎవరో నాకు తెలియదు. వాని పత్రములో వ్రాసినదెల్ల నిజమైయుండవలెనని మాత్రము కోరుకొనెదను.